పబ్లిక్ హెల్త్‌లోకి రావచ్చా? మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలకు జవాబులు

ఏదైనా కాలేజీలో మాట్లాడి వచ్చిన రోజు రాత్రికే ఫోన్‌లో మెసేజ్‌లు మొదలవుతాయి. పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి, ప్రశ్నలు మాత్రం అవే. నేను బీడీఎస్ పూర్తి చేసి, క్లినిక్ పెట్టాలా వద్దా అని ఏడాది ఊగిసలాడి, చివరికి ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేసి ఈ రంగంలోకి వచ్చినదాన్ని. అప్పట్లో నాకూ ఇవే సందేహాలు, అడుగుదామంటే మనిషి దొరకలేదు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీరు ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికి వెళ్లిపోండి.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నవాళ్లకు

పబ్లిక్ హెల్త్ అంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగమేనా?

కాదు. డెంగీ వచ్చిన మనిషికి డాక్టరు ప్లేట్‌లెట్లు చూస్తారు. ఒకే వీధిలో పద్నాలుగు మందికి వచ్చి, పక్క వీధిలో ఒక్కరికీ ఎందుకు రాలేదు అని అడగడం మా పని.

2020 డిసెంబరులో ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితులు ఆరు వందలు దాటారు. చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్లకు వెళ్లారు. కానీ అసలేం జరిగింది? మొదట అందరూ అనుమానించింది మున్సిపల్ నీళ్లనే. తీరా వివరాలు అడిగితే ఆ నీళ్లు తాగనివాళ్లు కూడా బాధితుల్లో ఉన్నారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. తర్వాతి పరీక్షల్లో పురుగుమందుల అవశేషాల వైపు అనుమానం మళ్లింది. ఎవరు పడ్డారు, ఎక్కడ, ఎప్పుడు, అంతకుముందు ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు అని ఇల్లిల్లూ తిరిగి రాసుకుని, ఆ కాగితాల్లోంచి కారణం వెతకడమే పబ్లిక్ హెల్త్. ఇది ఆసుపత్రిలో కూర్చుంటే జరగదు.

పేషెంట్లను చూడరు కదా, మరి రోజంతా ఏం చేస్తారు?

జిల్లా స్థాయిలో పనిచేసే ఎపిడెమియాలజిస్టు, అంటే రోగాలు ఎక్కడ, ఎందుకు వ్యాపిస్తున్నాయో ఆరా తీసే మనిషి, సంగతి చెబుతాను. పొద్దున్నే లైన్ లిస్ట్ తెరుస్తారు. పేరు, వయసు, ఊరు, జ్వరం మొదలైన తేదీ, పరీక్ష ఫలితం వరుసగా ఉండే పట్టిక అది. ఒక వరుసలో ‘విషజ్వరం’ అని ఉంటుంది. పేపర్లో హెడ్డింగుకు ఆ మాట చాలు, మనకు చాలదు. డెంగీనా, మలేరియానా, టైఫాయిడా, స్క్రబ్ టైఫసా? ఏఎన్‌ఎంకి ఫోన్ చేసి అడగాలి. ఆవిడ అప్పటికే యాప్‌ల మీద యాప్‌లలో ఎంట్రీలు కొట్టి విసిగిపోయి ఉంటారు కాబట్టి మర్యాదగా అడగాలి. మధ్యాహ్నం ఒక ఊరికి వెళ్లి డ్రమ్ములు, కుండీలు, పాత టైర్లు చూడాలి. సాయంత్రం కలెక్టరేట్‌లో మీటింగ్.

అయినా సగానికి పైగా పని కంప్యూటర్ ముందే. అది ముందే తెలుసుకుని రండి. సినిమాల్లోలా ప్రతిరోజూ మహమ్మారి రాదు.

నీట్‌లో సీటు రాలేదు. దీన్ని రెండో ఆప్షన్‌గా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, చాలామంది అలాగే వచ్చారు. అయితే ఒక ప్రమాదం ఉంది. డాక్టరు కాలేకపోయాననే బాధతో వచ్చినవాళ్లు ఇక్కడ కూడా తెల్లకోటు కోసమే వెతుక్కుంటారు, అది దొరకదు. ఒక్క మనిషిని బాగుచేసి ఆ ఇంటివాళ్లు చేతులెత్తి దండం పెడితే కలిగే తృప్తి మీకు ముఖ్యమైతే నర్సింగ్, ఫిజియోథెరపీ లాంటివి చూడండి. ఊరంతటికీ ఇలా ఎందుకు జరిగింది అన్న ప్రశ్న మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే మాత్రం ఇటు రండి.

నాది బైపీసీ కాదు. ఇంజినీరింగ్, బీకామ్, బీఏ వాళ్లకు ఇక్కడ పనుందా?

ఉంది. సివిల్ ఇంజినీర్లు లేకుండా మంచినీరూ లేదు, డ్రైనేజీ లేదు. టీకాల కంటే ముందు కలరాను తగ్గించింది శుభ్రమైన నీళ్లే. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకైతే ఎర్రతివాచీ. ఎకనామిక్స్ వాళ్లు ఏ పథకానికి ఎంత ఖర్చు, ఎంత ఫలితం అని లెక్క కడతారు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసినవాళ్లు జనంతో మాట్లాడినంత బాగా మాలో చాలామందిమి మాట్లాడలేం. పశువైద్యులు కూడా కావాలి. విశాఖ ఏజెన్సీలో చనిపోయిన పశువుల మాంసం వల్ల మనుషులకు ఆంత్రాక్స్ సోకిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ మనుషుల డాక్టరు ఒక్కరే వెళితే సగం కథే తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. కొన్ని సంస్థలు ఎంపీహెచ్‌కు ఏ డిగ్రీ అయినా తీసుకుంటాయి, కొన్ని ఆరోగ్య సంబంధమైన డిగ్రీలే అడుగుతాయి. దరఖాస్తు ఫీజు కట్టకముందే అర్హత చదవండి.

చెప్పుకోదగ్గ పనంతా ఢిల్లీలోనే కదా? మన దగ్గర ఏముంది?

ఈ ప్రశ్న వింటే నాకు కొంచెం కోపం వస్తుంది. మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించుకోనిచ్చి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడు. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. దాని ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

పోషకాహారం మీద దేశానికి పెద్దదిక్కు లాంటి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన యూనిట్‌గా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బును, మొదట గుర్తించి 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గురించి. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరు ‘నల్గొండ టెక్నిక్’. మన జిల్లా పేరు అలా పుస్తకాలకెక్కడం సంతోషించాల్సిన విషయం కాదనుకోండి, అక్కడి ఎముకల బాధ అంతటిది. 108 అంబులెన్స్ 2005లో హైదరాబాద్‌లో మొదలై దేశమంతా పాకింది. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది.

తేలని లెక్కలూ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్లయినా కచ్చితమైన జవాబు దొరకలేదు. నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, ఇవన్నీ కలిసా? మరో పక్క, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోనే ఎక్కువ. ముహూర్తాలు కారణమా, ఆసుపత్రుల లాభాలా, నొప్పుల భయమా? ఇరవై ఏళ్లు పనిచేసినా తరగనంత పని మన ఇంటి ముందే ఉంది.

నాకు సరిపడుతుందో లేదో చేరకముందే ఎలా తెలుస్తుంది?

లక్షలు కట్టకముందు పైసా ఖర్చు లేని మూడు పనులు చేసి చూడండి. ఒకటి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మీ జిల్లా ఫ్యాక్ట్ షీట్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పక్క జిల్లాతో పోల్చి, బాగా తేడా ఉన్న ఒక అంకె పట్టుకుని, ఎందుకని ఉంటుందో ఒక పేజీ రాయండి. రెండు, దగ్గర్లో ఉన్న ఆశా కార్యకర్తను అడిగి ఒక పూట ఆమె వెంట తిరగండి. మూడు, టీకాలు వేసే రోజు మీ ఊరి సబ్‌సెంటర్‌లో రెండు గంటలు ఊరికే కూర్చోండి. ఎవరు వచ్చారో కాదు, ఎవరు రాలేదో గమనించండి.

ఈ మూడింట్లో ఒక్కటైనా రెండోసారి చేయాలనిపిస్తే మీకు ఈ దారి పడుతుంది. మూడూ బోర్ కొడితే ఏమీ పోలేదు, ఒక వారమే కదా.

## కోర్సు ఎంచుకునే దశలో

ఇంటర్ కాగానే పబ్లిక్ హెల్త్‌లోనే డిగ్రీ చేయాలా?

కొన్ని విశ్వవిద్యాలయాల్లో అలాంటి డిగ్రీలు ఉన్నాయి. నా ఉద్దేశం మాత్రం వేరు. ముందు చేతిలో ఒక పని నేర్చుకోండి. నర్సింగ్ కావచ్చు, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, ఇంజినీరింగ్ ఏదైనా కావచ్చు. దాని మీద ఎంపీహెచ్ చేస్తే రెండు కాళ్ల మీద నిలబడతారు.

ఎంపీహెచ్ ఎక్కడ చేస్తే మంచిది?

హైదరాబాద్‌లో ఉండి చదవాలంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉన్నాయి. బయటికి వెళ్లగలిగితే తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థకు చెందిన అచ్యుత మీనన్ సెంటర్ 1997 నుంచి ఎంపీహెచ్ నడుపుతోంది. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ రోగాల ఆరా తీయడంలో శిక్షణకు పెట్టింది పేరు. సామాజిక కోణం ఇష్టమైతే ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్), ఢిల్లీ జేఎన్‌యూ. చండీగఢ్ పీజీఐ, పుదుచ్చేరి జిప్మర్ కూడా చూడండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఇప్పుడు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి.

ర్యాంకింగుల కంటే నాలుగు ప్రశ్నలు అడగండి. డిగ్రీ పట్టా మీద ఎవరి పేరు ఉంటుంది? ఫీల్డ్‌లో ఎన్ని వారాలు? గత రెండు బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? పాఠం చెప్పేవాళ్లలో నిజంగా ఫీల్డ్‌లో పనిచేసినవాళ్లు ఎందరు? మూడో ప్రశ్నకు కాలేజీవాళ్లు బ్రోషర్ ఇస్తే తీసుకోండి గానీ, లింక్డ్‌ఇన్‌లో వెతికి ఇద్దరితో మాట్లాడండి. ప్రభుత్వ సంస్థకూ ప్రైవేటు సంస్థకూ ఫీజులో తేడా లక్షల్లో ఉంటుంది, చదువులో అంత తేడా ఉండకపోవచ్చు.

ఎంబీబీఎస్ తర్వాత ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ మంచిదా, ఎంపీహెచ్ మంచిదా?

మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాలని ఉంటే ఎండీయే. ప్రొఫెసర్ దారి దానికే తెరిచి ఉంటుంది, ఎంపీహెచ్ ఒక్కదానితో రాదు. రెండు రాష్ట్రాల్లోనూ కొత్త మెడికల్ కాలేజీలు వచ్చాయి, ప్రతిదానికీ ఆ విభాగం ఉండాల్సిందే. మూడేళ్లు పడుతుంది, స్టైపెండ్ వస్తుంది, ఫీజు భారం తక్కువ. అందుకే నీట్ పీజీలో ఆ సీటు దొరికితే వదులుకోవద్దనే చెబుతాను.

పరిశోధన, స్వచ్ఛంద సంస్థలు, అంతర్జాతీయ సంస్థల వైపు వెళ్లాలనుకుంటే ఎంపీహెచ్ చాలు. క్లాస్‌లో ‘ఎస్‌పీఎం’ (కమ్యూనిటీ మెడిసిన్‌కు పాత పేరు) అంటే వెనక బెంచీలో నవ్వేవాళ్ల మాట పట్టించుకోకండి. మీ బ్యాచ్‌లో కుటుంబ దత్తత కార్యక్రమం కింద ఊళ్లో కొన్ని ఇళ్లు ఇచ్చి ఉంటారు కదా, దాన్ని రికార్డు పుస్తకం నింపే పనిగా చూడకండి. ఆ ఇళ్లకు వెళ్లడం మీకు నచ్చిందో లేదో గుర్తు చేసుకుంటే జవాబు తెలిసిపోతుంది.

ఎంపీహెచ్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఒకటేనా?

కాదు. ఎంహెచ్‌ఏ, హాస్పిటల్ ఎంబీఏ చేసినవాళ్లు ఆసుపత్రి నడుపుతారు. ఎంపీహెచ్ చేసినవాళ్లు జనం ఆసుపత్రికి రావాల్సిన అవసరాన్నే తగ్గించాలని చూస్తారు. కార్పొరేట్ ఆసుపత్రిలో ఉద్యోగమే లక్ష్యమైతే మొదటిదే చేయండి.

అమెరికాలో ఎంపీహెచ్ చేస్తే సెటిలైపోవచ్చని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నిజమేనా?

బీడీఎస్, బీఫార్మసీ చేసిన మన పిల్లలు ఎందరో ఈ మాట నమ్మి వెళ్లారు. కొందరు బాగా స్థిరపడ్డారు. కొందరు చదివిన చదువుకు సంబంధం లేని పని చేస్తూ అప్పు తీరుస్తున్నారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, చాలావరకు చేరకముందు అడగని ప్రశ్నల్లో.

అక్కడ పబ్లిక్ హెల్త్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ‘సెఫ్’ సంస్థ గుర్తింపు ఉన్న కాలేజీయేనా? ఇది మొదటి ప్రశ్న. ఎక్కువ కాలేజీలకు సోఫాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారానే దరఖాస్తు చేస్తారు, కన్సల్టెన్సీ అవసరం పెద్దగా లేదు. రెండోది ఇంకా ముఖ్యం. చదువు అయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ పన్నెండు నెలలే. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే మరో 24 నెలలు. సాధారణ ఎంపీహెచ్ కోడ్ ఆ జాబితాలో లేదు. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ కోడ్‌లు ఉన్నాయి. స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఏ సీఐపీ కోడ్ (కోర్సు కోడ్) వస్తుందో కాలేజీని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. ఏజెంటు నోటిమాట వద్దు. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు మళ్లీ చూసుకోండి.

ఇంకోటి. 2025లో అక్కడి ఫెడరల్ ఆరోగ్య శాఖలో వేలమంది ఉద్యోగాలు పోయాయి. అనుభవం ఉన్న స్థానికులే పని వెతుక్కునే చోట, అప్పు చేసి అనుభవం లేకుండా వెళ్లడం నాకైతే గుండెదడే. ఇక్కడ రెండేళ్లు పనిచేసి, అప్పుడు స్కాలర్‌షిప్ చూసుకుని వెళ్లినవాళ్లు నిశ్చింతగా ఉన్నారు. బ్రిటన్ వైపు కామన్వెల్త్, చీవెనింగ్, అమెరికాకు ఫుల్‌బ్రైట్ ఉన్నాయి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యానిధి పథకాలు ఉన్నాయి, అర్హత చూసుకోండి.

ఆన్‌లైన్‌లో ఎంపీహెచ్ చేస్తే విలువ ఉంటుందా?

ఇప్పటికే ఈ రంగంలో ఉద్యోగం ఉన్నవాళ్లకు ఉంటుంది. కొత్తవాళ్లకు నేను చెప్పను. ఊళ్లో తలుపు కొట్టి, అవతలివాళ్లు మొహం మీదే తలుపేస్తే ఏం చేయాలో జూమ్‌లో నేర్పరు.

## చదువుతున్నప్పుడు

లెక్కలంటే భయం. బయోస్టాటిస్టిక్స్ గట్టెక్కగలనా?

గట్టెక్కగలరు. మొదటి సెమిస్టర్‌లో నేను ఆ క్లాస్ అయ్యాక ఏడ్చిన రోజులున్నాయి. తర్వాత తెలిసింది, భయపెట్టేది లెక్క కాదు, గుర్తులు. శాతం, నిష్పత్తి, సగటు గట్టిగా వస్తే మిగతావి వాటి మీద కట్టిన మేడలే.

ఒక్క ఉదాహరణ. మీ ఊళ్లో డెంగీ కేసులు పోయిన నెల పది, ఈ నెల ముప్ఫై. పెరిగిందా? పరీక్షలు చేసినవాళ్లు పోయిన నెల వంద మంది, ఈ నెల ఆరు వందల మంది అయితే? అప్పుడు పోయిన నెల పది శాతం, ఈ నెల ఐదు శాతం. కేసులు మూడింతలయ్యాయి, పరీక్షల్లో తేలే శాతం సగమైంది. పేపర్లో ఏ హెడ్డింగ్ పెట్టాలో మీరే చెప్పండి. కింద ఏ సంఖ్యతో భాగిస్తున్నాం అన్నది పట్టుబడితే సగం బయోస్టాటిస్టిక్స్ వచ్చినట్టే.

ఏ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవాలి?

ముందు ఎక్సెల్, పివట్ టేబుల్ కళ్లు మూసుకుని చేయగలిగేంత. తర్వాత ‘ఆర్’ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్, అది ఉచితం. కోబో లేదా ఓడీకే మీద ఫోన్ సర్వే ఫారం తయారుచేయడం ఒక్క రోజులో వస్తుంది. మ్యాపులకు క్యూజీఐఎస్. స్టాటా ఖరీదైనది, కాలేజీ ఇస్తే వాడుకోండి. పైరేట్ కాపీతో చేసిన పనిని రెజ్యూమెలో గొప్పగా రాసుకోకండి.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్ అంతంత మాత్రం. నిలబడగలనా?

రిపోర్టులు ఇంగ్లిష్‌లోనే రాయాలి, అది తప్పదు, రెండేళ్లలో వస్తుంది. కానీ ఫీల్డ్‌లో మీ తెలుగే ఆస్తి. నా మొదటి సర్వేలో ‘మీకు బీపీ ఉందా?’ అని ఒక పెద్దాయన్ని అడిగితే ‘లేదమ్మా’ అన్నారు. అలాగే రాసుకున్నాను. వెనక నుంచి ఆయన కోడలు అంది, ‘రోజూ మాత్ర వేసుకుంటాడుగా’. ఆయన లెక్కలో మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి బీపీ లేదు! ఆ రోజు అప్పటికే నలభై ఫారాలు నింపాను, అన్నీ మళ్లీ తిరగాల్సి వచ్చింది. ప్రశ్నను ‘బీపీకి ఎప్పుడైనా మందులు వాడారా?’ అని మార్చాం.

ఇలాంటివి ఇంగ్లిష్‌లో తయారుచేసి అనువదించిన ఫారాల్లో కోకొల్లలు. ఆ ఊరి మాట తెలిసినవాళ్లే పట్టుకోగలరు. శ్రీకాకుళం యాస, ఆదిలాబాద్ యాస అర్థమవడమే ఒక అర్హత. గోండి, కోయ, సవర కూడా వస్తే మీరు బంగారం.

ఇంటర్న్‌షిప్ పెద్ద సంస్థలోనే చేయాలా?

అక్కర్లేదు. పెద్ద సంస్థలో ఫోటోకాపీలు తీయడం కంటే చిన్న సంస్థలో ఒక సర్వే మొదటి నుంచి చివరి దాకా చేయడం మేలు. చేతికి ఒక పూర్తయిన పని రావాలి, సర్టిఫికెట్ తర్వాతి సంగతి.

## ఉద్యోగం వెతుకుతున్నప్పుడు

ఎంపీహెచ్ అయ్యాక ఎలాంటి ఉద్యోగాలు ఉంటాయి? నోటిఫికేషన్లు ఎక్కడ వస్తాయి?

ప్రభుత్వంలో జాతీయ ఆరోగ్య మిషన్ కింద, రోగాల నిఘా కార్యక్రమం కింద ఎపిడెమియాలజిస్ట్, డేటా మేనేజర్, ప్రోగ్రామ్ ఆఫీసర్, కన్సల్టెంట్ పోస్టులు పడతాయి. చాలావాటి నోటిఫికేషన్ పేపర్లో కనిపించదు. జిల్లా అధికారిక వెబ్‌సైట్‌లో రిక్రూట్‌మెంట్ పేజీలో పెడతారు, గడువు కొద్ది రోజులే ఉంటుంది. వారానికోసారి చూసే అలవాటు చేసుకోండి. రెగ్యులర్ పోస్టులకు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ వైద్య నియామక బోర్డులు ఉన్నాయి.

పరిశోధన వైపు పోషకాహార సంస్థ, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ప్రజారోగ్య విభాగం, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి హైదరాబాద్‌లో ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సంస్థల్లో ప్రాజెక్టు పోస్టులకు తరచుగా ఇంటర్వ్యూలు జరుగుతాయి. ఫార్మా కంపెనీల్లో మందుల దుష్ప్రభావాల నిఘా, ఆరోగ్య ఆర్థిక విశ్లేషణ విభాగాలు తీసుకుంటాయి. ఎంబీబీఎస్ ఉన్నవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసర్ పోస్టులు. పోలియో నిఘా కోసం 1997లో మొదలైన నెట్‌వర్క్ అది.

ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగినవాడు మోసగాడే, ఎంత పెద్ద పేరు చెప్పినా సరే.

జీతం ఎంత వస్తుంది? సూటిగా చెప్పండి.

సూటిగా చెప్పాలంటే, మొదట్లో తక్కువ. మీ సాఫ్ట్‌వేర్ స్నేహితుల జీతంతో, ప్రైవేటు ప్రాక్టీసు పెట్టిన క్లాస్‌మేట్ సంపాదనతో పోల్చుకుంటే నిద్ర పట్టదు. ఒకే రకం పనికి ప్రభుత్వ కాంట్రాక్టులో ఒక జీతం, విదేశీ నిధులున్న ప్రాజెక్టులో ఇంకో జీతం, ఫార్మాలో మరో జీతం. ఎంబీబీఎస్ ఉన్న ఎంపీహెచ్‌కు, లేని ఎంపీహెచ్‌కు కూడా తేడా చూపిస్తారు. పని అదే అయినా. ఇది అన్యాయమని నేను చాలా మీటింగుల్లో అన్నాను, ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు, ఎవరూ మార్చనూ లేదు.

ఐదారేళ్ల తర్వాత డేటా విశ్లేషణ గట్టిగా వచ్చినవాళ్లకు, ప్రాజెక్టు నడపగలిగినవాళ్లకు జీతం బాగా పెరుగుతుంది. విద్యారుణం ఎంత తీసుకోవాలో ఆ ఐదేళ్లను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించుకోండి.

పర్మనెంట్ ఉద్యోగం దొరుకుతుందా?

దొరకడం కష్టం. ఈ రంగంలో అతి పెద్ద లోటు ఇదే. ఏటేటా రెన్యువల్ అయ్యే కాంట్రాక్టుల మీద పదేళ్లు పనిచేసినవాళ్లు నాకు తెలుసు. తమిళనాడులో ప్రజారోగ్యానికి విడిగా ఒక కేడర్, అంటే సొంత పోస్టులు, ప్రమోషన్లు ఉన్న ఉద్యోగ శ్రేణి, ఉంది. ఆంధ్ర ప్రాంతం కూడా అదే 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం కిందే ఉండేది, చట్టం మనకూ మిగిలింది, కేడర్ మాత్రం అలా ఎదగలేదు. 2022లో కేంద్రం అన్ని రాష్ట్రాల్లోనూ పబ్లిక్ హెల్త్ మేనేజ్‌మెంట్ కేడర్ పెట్టాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అది పూర్తిగా అమలైతే దారి మారుతుంది.

యువత ఎందుకు రావడం లేదని సెమినార్లలో పెద్దలు బాధపడుతుంటారు. పోస్టర్లు, స్లోగన్ పోటీలు కాదు, పే స్లిప్, పీఎఫ్, ప్రమోషన్ చూపిస్తే వాళ్లే వస్తారు.

బీఎస్సీ నర్సింగ్ చేశాను. నాకు నేరుగా దారి ఉందా?

ఉంది, మిగతా వాళ్లందరికంటే దగ్గరి దారి. విలేజ్ క్లినిక్కులు, పల్లె దవాఖానాల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) లేదా సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్)గా తీసుకుంటారు. జాతీయ మార్గదర్శకాల ప్రకారం నెలకు 25 వేలు జీతం, పనితీరును బట్టి 15 వేల దాకా ప్రోత్సాహకం. ఊరి బీపీ, షుగర్ లెక్కంతా మీ చేతిలో ఉంటుంది. ఆ డేటాతో మూడేళ్లు పనిచేసి ఎంపీహెచ్‌కు వచ్చినవాళ్లు క్లాస్‌లో ప్రొఫెసర్లకే పాఠాలు చెబుతారు.

విదేశీ నిధులు ఆగిపోయాయి కదా. ఇప్పుడు ఈ రంగంలోకి రావడం తెలివైన పనేనా?

అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025 జూలైలో మూతపడింది. దాని నిధులతో నడిచిన ప్రాజెక్టుల్లో పనిచేసే స్నేహితులు నాకున్నారు, కొందరికి ఒక్క ఈమెయిల్‌తో ఉద్యోగం పోయింది. అందుకే ఒక్క దాత మీద ఆధారపడిన సంస్థలో చేరేముందు ప్రాజెక్టు ఎప్పటిదాకా, డబ్బు ఎవరిది అని ఇంటర్వ్యూలోనే అడగండి. అది తప్పు కాదు. ఏ సంస్థలోనైనా పనికొచ్చే నైపుణ్యం ఒకటి దగ్గర పెట్టుకోండి, డేటా కావచ్చు, రాయడం కావచ్చు, శిక్షణ ఇవ్వడం కావచ్చు.

## ఇప్పటికే వేరే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు

సాఫ్ట్‌వేర్‌లో ఆరేళ్లు చేశాను. మారిపోవాలనుంది. మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. ఆరోగ్య శాఖల్లో డేటా కుప్పలు తెప్పలుగా ఉంది, దాన్ని శుభ్రం చేసి అర్థం చెప్పేవాళ్లు లేరు. కానీ డ్యాష్‌బోర్డు కట్టేస్తే సమస్య తీరిపోతుందని అనుకుని రాకండి. ఆ అంకెను ఎంటర్ చేసే ఏఎన్‌ఎం పక్కన ఒక రోజు కూర్చుంటే, సున్నాలన్నీ నిజంగా సున్నాలు కావని, కొన్ని ‘టైం లేదు’ అని తెలుస్తుంది. ఉద్యోగం మానకుండానే వారాంతాల్లో ఒక స్వచ్ఛంద సంస్థకు డేటా పని చేసిపెట్టి, ఆరు నెలల తర్వాత నిర్ణయించుకోండి.

పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. ఓపీ చూడటంతోనే సరిపోతోంది. నేను కూడా ఇందులోకి వచ్చినట్టేనా?

మీరు ఇప్పటికే ఇందులో ఉన్నారు, గమనించడానికే టైం దొరకడం లేదు. మీ ఓపీ రిజిస్టరే ఒక నిధి. గత మూడేళ్లలో ఆగస్టు, సెప్టెంబరు జ్వరాల సంఖ్య ఊరివారీగా ఒక కాగితం మీద వేయించండి. ఏ ఊరు ప్రతి ఏడాదీ ముందు మొదలవుతుందో కనిపిస్తుంది. వచ్చే జూలైలో ఎక్కడికి ముందు వెళ్లాలో మీకు జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసు చెప్పక్కర్లేదు.

చేసిన పనికి ఫలితం కంటికి కనిపించదు కదా, విసుగు రాదా?

వస్తుంది. రాని జబ్బుకు ఎవరూ స్వీట్లు పంచరు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హావ్‌డాలో నమోదైంది. మూడేళ్ల తర్వాత, 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఐస్ బాక్సు భుజాన వేసుకుని ఇళ్ల గోడల మీద సుద్దతో గుర్తులు పెట్టుకుంటూ తిరిగినవాళ్లలో ఎవరికీ, తాము కాపాడిన బిడ్డ ఎవరో తెలియదు. ఇది మీకు సమ్మతమేనా అన్నది నేను చెప్పలేను.

## ఇంటి విషయాలు

‘డాక్టరు కాదు, మరేం ఉద్యోగం?’ అని బంధువులు అడిగితే ఏం చెప్పాలి?

కోవిడ్ తర్వాత ఈ బాధ కొంచెం తగ్గింది. ఎపిడెమియాలజిస్ట్ అంటే చర్మం డాక్టరా అని అడిగే మావయ్యలు ఇప్పటికీ ఉన్నారు. మా అమ్మ మాత్రం తన మాట తాను తయారుచేసుకుంది. ‘మా అమ్మాయి ఊళ్లకు జ్వరం చూస్తుంది’ అంటుంది. ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ క్లాస్‌లోనూ దొరకలేదు.

అమ్మాయిని. ఒంటరిగా ఊళ్లు తిరగాలంటే ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. నిజంగా ఇబ్బందేనా?

ఇబ్బందులు ఉన్నాయి, భయపడేంతగా కాదు. మొదటి రోజు ఊళ్లోకి ఒంటరిగా వెళ్లకండి, ఆశా కార్యకర్తతోనో అంగన్‌వాడీ టీచర్‌తోనో వెళ్లండి. ఆమె పక్కన కనిపిస్తే తర్వాత మీరు ఒక్కరే వెళ్లినా తలుపులు తెరుచుకుంటాయి. తిరుగు బస్సు టైం ముందే కనుక్కోండి. అసలు సమస్య మనుషులు కాదు, బాత్రూమ్. స్కూలు, పంచాయతీ ఆఫీసు, సబ్‌సెంటర్‌లో ఏది తెరిచి ఉంటుందో పొద్దున్నే తెలుసుకుని పెట్టుకోండి, దాని కోసం నీళ్లు తాగడం మానేసి ఎండలో తిరగకండి. చేరబోయే సంస్థకు లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉందో లేదో, రాత్రి బస ఎక్కడ ఇస్తారో ఆఫర్ తీసుకునేటప్పుడే అడగండి.

మధ్యాహ్నం అన్నం టైముకు ఎవరో ఒకరు తినిపొమ్మంటారు, కాదంటే నొచ్చుకుంటారు. కూర్చుని తినండి. ఆ ఇంటి ఫారం మాత్రం అంతకుముందే నింపేసి ఉండాలి. అన్నం పెట్టినవాళ్లను ‘మీ ఇంట్లో మరుగుదొడ్డి వాడుతున్నారా?’ అని అడగడం ఎంత కష్టమో, వాళ్లు నిజం చెప్పడం అంతకంటే కష్టం.